సంస్కృతుల వైవిధ్యం ఎందుకు నిలుస్తుంది? ఆక్సెల్‌రాడ్ నమూనాపై చర్చ

ప్రశ్న:
రాజనీతి శాస్త్రవేత్త రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ 1997లో ప్రతిపాదించిన కంప్యూటర్ నమూనాలో గళ్లపలకపై ఒక్కొక్క గడి ఒక్కొక్క ఊరు. ప్రతి ఊరికి భాష, వేషం, ఆచారం వంటి కొన్ని లక్షణాలుంటాయి. పొరుగూళ్ల మధ్య పోలిక ఎంత ఎక్కువైతే అవి మాట కలిపే అవకాశం అంత ఎక్కువ. మాట కలిపినప్పుడల్లా తేడా ఉన్న లక్షణాల్లో ఒకదాన్ని ఒక ఊరు రెండో ఊరి నుంచి తీసుకుంటుంది. ఇన్ని రాకపోకల తరువాత కూడా అంతా ఒకటైపోక, వేర్వేరు సంస్కృతుల ప్రాంతాలు మిగిలిపోవచ్చునని ఆయన చూపారు. వైవిధ్యానికి ఇది సరైన వివరణేనని నా అభిప్రాయం. మీరేమంటారు?

సమాధానం:
నేను అంగీకరించలేను. ఈ నమూనాలో పొరుగూళ్ల మధ్య హద్దు శాశ్వతంగా నిలవాలంటే వాటికి ఒక్క లక్షణమైనా ఉమ్మడిగా ఉండకూడదు. అలాంటి ఇరుగుపొరుగు నిజంగా ఎక్కడుంది? మహారాష్ట్రలోని కుప్వాడ్ గ్రామాన్ని పరిశీలించి భాషా పరిశోధకులు గంపర్జ్, విల్సన్ 1971లో ప్రచురించిన వ్యాసం చూడండి. అక్కడ జైనులు కన్నడం, ముస్లింలు ఉర్దూ, మరికొందరు మరాఠీ మాట్లాడేవారు. తాళ్లు పేనేవారి ఇంటి భాష మన తెలుగే. తరతరాల సహవాసంలో కన్నడ, ఉర్దూ, మరాఠీల వాక్యనిర్మాణం దాదాపు ఒకటైపోయి, ఒక భాషలోని వాక్యాన్ని పదానికి పదంగా మరో భాషలోకి మార్చగలిగేంత దగ్గరైనా, పదజాలం మాత్రం వేరుగానే నిలిచింది. ఇంత కలిసినవారు నమూనా ప్రకారం పూర్తిగా కలిసిపోయే దారిలో ఉండాలి కదా! పైగా, ఏ లక్షణమైనా అరుదుగా యాదృచ్ఛికంగా మారే వీలు కల్పిస్తే చాలు, ఆ హద్దులు కరిగి వ్యవస్థ ఏక సంస్కృతి వైపు జారుతుందని క్లెమ్, ఆయన సహచరులు 2003లో చూపారు.

ప్రశ్న అడిగినవారు:
ఆ బలహీనతను ఒప్పుకుంటాను. అయినా, పరస్పర ప్రభావం ఉంటే ఏకాభిప్రాయం తప్పదని ప్రతివారూ తమ అభిప్రాయాన్ని ఇతరుల అభిప్రాయాలతో సగటు చేసుకుంటూ పోయే డీగ్రూట్ 1974 నాటి నమూనా వంటివి సూచిస్తున్నప్పుడు, కలయిక నుంచే వేర్పాటు కూడా పుట్టవచ్చునని ఇంత సరళంగా నిరూపించడం చిన్న విషయం కాదు. లక్షణాల సంఖ్య పెరిగితే మిగిలే ప్రాంతాలు తగ్గుతాయని, ఒక్కో లక్షణానికి ఉండగల రకాలు పెరిగితే అవి ఎక్కువవుతాయని కూడా ఈ నమూనాయే తెలిపింది.

సమాధానం:
ఆ ఘనతను నేను కాదనడం లేదు. కానీ ఇందులో అన్ని లక్షణాలకూ ఒకే తూకం వేశారు, నా అభ్యంతరమల్లా దానికే. కుప్వాడ్‌లో వ్యాకరణం కలిసిపోయినా ఎవరూ పట్టించుకోలేదు; ఎవరు ఏ వర్గమో తెలిపే గుర్తు పదజాలమే కాబట్టి దాన్ని నిలుపుకున్నారు. ఏ లక్షణాన్ని జనం గుర్తింపుగా కాపాడుకుంటారో, దేన్ని తేలిగ్గా వదులుకుంటారో వేరుచేసి లెక్కలోకి తేనంతవరకు, ఈ గళ్లపలక మీద గీసిన హద్దులను ఆ ఊరి హద్దులుగా నేను చదవలేను.