ఎంటీ-07 తీసుకోవాలా, ట్రైడెంట్ 660 తీసుకోవాలా?

కొత్తహెల్మెట్:
అందరికీ నమస్తే. ఇప్పుడు నడుపుతున్నది 250 సీసీ సింగిల్, అంటే ఒకే సిలిండర్ బండి. పెద్ద బండికి మారదామనుకుంటున్నా. సెకండ్ హ్యాండ్‌లో రెండు నచ్చాయి: యమహా ఎంటీ-07, ట్రయంఫ్ ట్రైడెంట్ 660. రెండూ 2022 మోడలే, తిరిగిన దూరం కూడా ఇంచుమించు ఒకటే. రెండూ నడిపి చూశా. సీటు ఎత్తు రెండిటికీ 805 మి.మీ., ట్యాంకు రెండిటికీ 14 లీటర్లు. రోజూ ఆఫీసుకి, సెలవుల్లో లాంగ్ రైడ్‌కి. ఏది తీసుకోమంటారు?

పాతచక్రం:
ఎంటీ-07. ఇంకేం ఆలోచించకు తమ్ముడూ. 689 సీసీ ట్విన్ (రెండు సిలిండర్లు), 67 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం). ట్రైడెంట్‌కి 64. సింగిల్ నుంచి వస్తున్నావు కాబట్టి తక్కువ ఆర్పీఎంలో లాగడం నీ చేతికి అలవాటై ఉంటుంది, దానికి దగ్గరగా ఉండే బండి ఇదే. పిస్టన్లు తిప్పే క్రాంక్ 270 డిగ్రీలది. ఒక పిస్టన్ చివరికొచ్చి ఆగే సమయానికి రెండోది మంచి జోరు మీద ఉంటుంది. అందుకే యాక్సిలరేటర్‌కీ వెనక చక్రానికీ మధ్య ఏ అడ్డూ లేనట్టు అనిపిస్తుంది. ఇదే ఇంజను టెనెరె 700లో ఉంది, ఆర్7లో ఉంది, ఎక్స్‌ఎస్‌ఆర్700లో ఉంది. ఇన్ని బండ్లు మోసిన ఇంజను గురించి కొత్తగా బయటపడే రహస్యాలేమీ ఉండవు. బరువు 184 కిలోలు, అవతలిది 189.

మూడోపిస్టన్:
పాతచక్రం గారు ఎప్పటిలాగే స్పెక్ షీట్‌లో తనకి నచ్చిన గడులే చదివారు. పవర్ గడి వదిలేశారు. ఎంటీ-07కి 73 పీఎస్ చిల్లర, ట్రైడెంట్‌కి 81. టార్క్‌లో 3 న్యూటన్ మీటర్ల తేడా గేరింగ్ దాటి చక్రం దాకా వచ్చేసరికి ఎక్కడుందో వెతుక్కోవాలి. ట్రైడెంట్ గరిష్ఠ టార్క్ 6,250 దగ్గరే వస్తుంది, ఎంటీది 6,500 దగ్గర. మరి 'కింద లాగేది' ఏది? పైగా ట్రైడెంట్ ట్రిపుల్ (మూడు సిలిండర్ల ఇంజను) 10,000 ఆర్పీఎం దాటినా అలసిపోదు, ఓవర్‌టేక్ మధ్యలో గేరు కోసం తడుముకోనక్కర్లేదు. ఇవన్నీ పక్కన పెట్టినా, షోవా అప్‌సైడ్ డౌన్ ఫోర్కు (లావు గొట్టం పైన ఉండే ముందు సస్పెన్షన్), రోడ్-రెయిన్ మోడ్‌లు, ట్రాక్షన్ కంట్రోల్ (చక్రం జారితే పవర్ తగ్గించేది) ఉన్నాయి. 2022 ఎంటీలో ఈ మూడూ లేవు. బ్రేకు గట్టిగా పట్టుకుంటే ముందు ఫోర్కు ఎలా దిగిపోతుందో నడిపినవాళ్ళందరికీ తెలుసు.

రెండోగేరు:
ఏది కొన్నా మూడు నెలల తర్వాత ఇంకోటే బాగుండేదనిపిస్తుంది. కాబట్టి నచ్చిన రంగు చూసుకో.

పాతచక్రం:
3 న్యూటన్ మీటర్లు కనబడవట, 8 పీఎస్ మాత్రం కనబడతాయట. ఆ 81 పీఎస్ 10,250 ఆర్పీఎం దగ్గర. ఆఫీసుకి వెళ్ళేవాడు రోజూ అక్కడికి ఎక్కుతాడా? బ్రేకుల మాట ఎత్తారు కదా, ఎంటీకి ముందు నాలుగు పిస్టన్ల కాలిపర్లు, అదే డిస్కుని నొక్కి పట్టేవి. ట్రైడెంట్‌కి రెండు పిస్టన్ల స్లైడింగ్ కాలిపర్లు. దీని గురించి కూడా సెలవివ్వండి.

మూడోపిస్టన్:
ట్రైడెంట్ డిస్కు 310 మి.మీ., ఎంటీది 298. చివరికి ఆపేది టైరు. కంపెనీ నుంచి రెండూ మిషెలిన్ రోడ్ 5 మీదే వచ్చాయి, సైజులు కూడా అవే. టైరు పట్టు అయిపోయాక కాలిపర్‌లో ఎన్ని పిస్టన్లున్నా ఏబీఎస్ పనిచేయాల్సిందే.

పాతచక్రం:
నేనడిగింది కాలిపర్ గురించి. జవాబు టైరు గురించి వచ్చింది. లివర్ దగ్గర ఎంత నొక్కితే ఎంత వస్తోందో తెలియడం వేరు, ఎంత దూరంలో ఆగింది అనేది వేరు.

చైన్‌లూబ్:
మూడు సిలిండర్లాయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. రెండు సిలిండర్లాయన దానికి రెండే అంటున్నారు. అడిగిన అబ్బాయి ఉన్నాడా, పారిపోయాడా?

కొత్తహెల్మెట్:
ఉన్నా అన్నా. చదువుతున్నా. కాలిపర్ కంటే నాకు ట్రాక్షన్ కంట్రోల్ మీదే సందేహం. నిజంగా అవసరమా?

పాతచక్రం:
అవసరం లేదు. ఎందుకో చెప్తా. ఇంతకుముందు నా దగ్గర ఒక బండి ఉండేది, ఏ కంపెనీదో చెప్పను. రైడ్-బై-వైర్ (కేబుల్ బదులు సెన్సర్‌తో నడిచే థ్రాటిల్), మోడ్‌లు, అన్నీ ఉన్నాయి. ఒకరోజు నడుస్తుండగానే థ్రాటిల్ సెన్సర్ పోయింది. బండి లింప్ మోడ్‌లోకి వెళ్ళి పాకడం మొదలుపెట్టింది, వెనకాల లారీ. సర్వీస్ సెంటర్‌లో వారాల తరబడి పెట్టుకున్నారు. ఒకసారి వైరింగ్ అన్నారు, ఒకసారి సాఫ్ట్‌వేర్ అన్నారు, ఇంకోసారి 'మీరు నీళ్ళతో కడిగారా' అని నన్నే అడిగారు. 2022 ఎంటీకి థ్రాటిల్ కేబుల్ ఉంది. కేబుల్ పాడైతే కంటికి కనబడుతుంది, రోడ్డు పక్కన మార్చుకోవచ్చు.

మూడోపిస్టన్:
అది మీ పాత బండి కథ. ట్రైడెంట్ కథ కాదు.

పాతచక్రం:
సెన్సర్ సెన్సరే.

మూడోపిస్టన్:
సరే, నా కథ కూడా వినండి. మా తమ్ముడు వానలో రౌండబౌట్ దాటి బయటికొస్తూ రవ్వంత యాక్సిలరేటర్ ఇచ్చాడు. వెనక చక్రం జారింది, కాలర్ బోన్ విరిగింది. బండికి ట్రాక్షన్ కంట్రోల్ లేదు. ఉండుంటే అని ఈ రోజుకీ అనుకుంటాం ఇంట్లో.

పాతచక్రం:
బాధే, కాదనను. కానీ నిజం చెప్పాలంటే చల్లారిన టైర్లు, తడి రోడ్డు, తొందరపడ్డ మణికట్టు. మొదటి రెండిటికీ ఎలక్ట్రానిక్స్‌తో పనిలేదు, మూడోది నేర్చుకోవాల్సింది. పైగా 2022 ట్రైడెంట్‌లో ఐఎంయూ (వంపు కొలిచే సెన్సర్) లేదు. బండి ఎంత వంగి ఉందో దానికి తెలియదు, రెండు చక్రాల వేగం పోల్చుకుని ఇంజనుని తగ్గిస్తుంది, అంతే. వంపుని లెక్కలోకి తీసుకునే ట్రాక్షన్ కంట్రోల్, ఏబీఎస్ ట్రైడెంట్‌కి 2025 మోడల్‌లో గానీ రాలేదు.

మూడోపిస్టన్:
మా తమ్ముడి మణికట్టు గురించి మీరు మాట్లాడకండి. ఆ రోజు అక్కడ మీరు లేరు. ఇతరుల ఎముకలు విరగ్గొట్టుకుని నేర్చుకోమని సలహాలివ్వడం సులువే. అన్నట్టు, ఐఎంయూ లేకపోయినా జారడం మొదలైన చక్రానికి పవర్ తగ్గడం మేలా కాదా? యమహా వాళ్ళే 2025 ఎంటీ-07కి రైడ్-బై-వైర్ పెట్టి ట్రాక్షన్ కంట్రోల్ ఇచ్చారు. ఫోర్కు కూడా అప్‌సైడ్ డౌన్‌కి మార్చారు. మీరు వెనకేసుకొస్తున్న బండిని తయారుచేసినవాళ్ళే మీ మాట వినలేదు.

పాతచక్రం:
పోటీ కంపెనీలు ఇస్తుంటే అమ్మకాల కోసం వాళ్ళూ ఇస్తారు. దాన్ని ఇంజనీరింగ్ సత్యం అనుకోవడం మీ అమాయకత్వం.

మోడరేటర్:
కుటుంబాల జోలికి, మణికట్ల జోలికి వెళ్ళొద్దు. బండ్ల గురించి మాట్లాడండి, లేదంటే తాళం వేస్తాను.

పాతచక్రం:
తమ్ముడి విషయం వదిలేస్తున్నా. కానీ ఒక మాట సూటిగా చెప్పనివ్వండి. నాకు సెన్సర్లు చెడిపోతాయన్న భయం కంటే ఇంకోటి ఎక్కువ. సింగిల్ నుంచి వచ్చినవాడికి వెనక టైరు ఎక్కడ వదులుతుందో తెలియదు. ఎంటీ లాంటి బండి తప్పు చేయబోతుంటే ముందే కదిలి చెబుతుంది, వాడు చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. ఎలక్ట్రానిక్స్ పెట్టె దాన్ని మధ్యలోనే సర్దేస్తే ఆ సమాచారం చేతికి రాదు. రేపు ఆ పెట్టె లేని బండి ఎక్కితే?

మూడోపిస్టన్:
ఇప్పటికి అసలు మాట చెప్పారు. మన గొడవ కాలిపర్ గురించీ కాదు, టార్క్ గురించీ కాదు. బండి పాఠం చెప్పాలని మీరు, పాఠం వినడానికి మనిషి మిగలాలని నేను. రోడ్డు మీద డీజిల్ మరక ముందే కదిలి చెప్పదండీ, అందులో నేర్చుకునేదీ ఉండదు. పైగా ట్రైడెంట్‌లో ట్రాక్షన్ కంట్రోల్ పనిచేసినప్పుడు డిస్‌ప్లేలో లైటు మిణుకుమంటుంది. ఇక్కడ ఎక్కువిచ్చావు అని అదీ చెబుతోంది కదా? కావాలంటే ఆపేసుకోవచ్చు కూడా. లేనిదాన్ని మాత్రం ఆన్ చేసుకోలేం.

పాతచక్రం:
ఆపేసుకునేవాళ్ళని చూపించండి, అప్పుడు మాట్లాడదాం.

వానకోయిల:
ఇంత గొడవలో ఎవరూ అడగలేదు. కొత్తహెల్మెట్ గారూ, వెనకాల ఎవరైనా కూర్చుంటారా? వానలో నడుపుతారా? ఈ రెండూ చెప్పకుండా ఏ బండి అంటే ఏం చెప్తాం! నేను రెండిటి మీదా వెనక కూర్చున్నదాన్ని. రెండూ సుఖం కాదు. సీటు చిన్నది, ఫుట్‌రెస్ట్‌లు ఎత్తు, పట్టుకోవడానికి ఏమీ లేదు.

కొత్తహెల్మెట్:
వానలో ఆగడం కుదరదండీ, డ్యూటీ షిఫ్టులు. మా ఆవిడ ఆఫీసు దారిలోనే కాబట్టి చాలా రోజులు వెనకాల తనే ఉంటుంది. రెండిటి మీదా కూర్చోబెట్టా. ఎంటీ మీద బ్రేకు వేసినప్పుడల్లా హెల్మెట్లు కొట్టుకున్నాయంది. ఇంజను నాకు ఎంటీదే నచ్చింది, ఆ మాట కూడా దాచను. ఆ శబ్దం ట్రైడెంట్‌లో లేదు. అయినా ట్రైడెంట్ వైపే మొగ్గుతున్నా.

మూడోపిస్టన్:
మంచి నిర్ణయం. సర్వీసు కూడా 16,000 కిలోమీటర్లకోసారి, ఎంటీకి 10,000. తక్కువ తిరిగితే మాత్రం ఏడాదికోసారి చేయించాలి.

పాతచక్రం:
ఇద్దరితో వానలో అని మొదటే చెప్పుంటే ఇంత రాసేవాణ్ణి కాదు. ఎంటీ ఫోర్కులో గట్టి స్ప్రింగులు వేస్తే ఆ దిగిపోవడం పోతుంది, అది ఇప్పటికీ అంటాను. సరే, ట్రైడెంటే అయితే చూసి కొను. హ్యాండిల్ బార్ చివర్లు, లివర్ల అంచులు, ఫుట్‌రెస్ట్ కొసలు గీసుకుపోయి ఉన్నాయేమో చూడు. హ్యాండిల్ పూర్తిగా తిప్పి ఫ్రేముకి తగిలేచోట దెబ్బ ఉందేమో చూడు, పడ్డ బండి అక్కడే దొరికిపోతుంది. డిస్కు మీద కనీస మందం అచ్చు వేసి ఉంటుంది, కొలిపించు. టైరు మీద నాలుగంకెల తేదీ ఉంటుంది. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. పాతబడి గట్టిపడిన టైరుని ఏ ట్రాక్షన్ కంట్రోలూ మెత్తబరచలేదు.

మూడోపిస్టన్:
ఫోర్కు ట్యూబుల మీద నూనె తడి కూడా చూడండి. వెనక ప్రీలోడ్ (సస్పెన్షన్ స్ప్రింగు బిగువు) ఇద్దరి బరువుకి బిగించుకోండి, ఒక్కరే వెళ్ళే రోజున మళ్ళీ తగ్గించుకోవాలి.

పాతచక్రం:
ఇంకోటి. కీ తిప్పగానే ఏబీఎస్ లైటు, ఇంజను లైటు రెండూ వెలగాలి. ఇంజను స్టార్ట్ కాగానే దాని లైటు, బండి కదలగానే ఏబీఎస్ లైటు ఆరిపోవాలి. అసలు వెలగకపోతే బేరమాడకుండా వచ్చెయ్.