గులాబీల రాణి పటం: పోర్చుగల్ ఎలిజబెత్తా, హంగేరీ ఎలిజబెత్తా?

ప్రశ్న:
ఒడిలో గులాబీలున్న పునీత ఎలిజబెత్ పటాల కింద కొన్నిచోట్ల పోర్చుగల్ అని, కొన్నిచోట్ల హంగేరీ అని రాస్తున్నారు. పటం చూసి ఎవరో ఎలా గుర్తుపట్టాలి? పండుగ జూలై 4నా, 8నా? పోర్చుగల్ నగరం కొయింబ్రాలో పోర్చుగల్ ఎలిజబెత్ సమాధి ఏ మఠంలో ఉంది?

జవాబు:
గులాబీలను బట్టి తేల్చకండి. రొట్టెలు పూలుగా మారిన కథ ఇద్దరి గురించీ చెబుతారు. హంగేరీ ఎలిజబెత్ పోర్చుగల్ ఎలిజబెత్ నాయనమ్మకు సవతి అక్క, ఆ పేరే ఈమెకు పెట్టారు.

చూడాల్సింది చేతికర్ర. భర్త దినీశ్ రాజు 1325లో చనిపోయాక ఈమె స్పెయిన్‌లోని పుణ్యక్షేత్రం సాంటియాగోకు యాత్ర చేసింది. 1612లో సమాధి తెరిచినప్పుడు యాత్రికుల కర్ర పక్కనే దొరికింది. కిరీటం, క్లారా సభ (పునీత క్లారా పేరిట ఉన్న మఠకన్యల సభ) దుస్తులు, కర్ర మూడూ ఉంటే పోర్చుగల్ రాణే. హంగేరీ ఆమె 24 ఏళ్లకే పోయింది, రాణి కూడా కాదు. ఆమెను ఎక్కువగా పడుచు వయసులో, బిచ్చగాడికి రొట్టె ఇస్తున్నట్టు గీస్తారు.

ఇంకో జవాబు:
పై గుర్తులు అన్నిచోట్లా పనిచేయవండీ. మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో స్పెయిన్ చిత్రకారుడు జుర్బరాన్ గీసిన పోర్చుగల్ ఎలిజబెత్ పటంలో కర్ర లేదు, మఠం దుస్తులూ లేవు. ఖరీదైన పట్టుబట్టలు, ఒడిలో పూలు ఉన్నాయి. అందుకే దాన్ని ఒకప్పుడు పునీత కసిల్దా అనుకున్నారు. ఆమెకూ గులాబీల కథ ఉంది మరి.

ఇంకొకటి, క్లారా దుస్తులు వేసుకున్నా పోర్చుగల్ ఎలిజబెత్ మఠకన్యగా మాటపట్టు ఇవ్వలేదు. ఆస్తి తన చేతిలో ఉంటేనే ఆసుపత్రికి, పేదలకు ఖర్చుపెట్టగలనని అలా ఉండిపోయింది. నాకైతే గులాబీల కథ కన్నా ఈ నిర్ణయమే గొప్పగా అనిపిస్తుంది.

మరో జవాబు:
పోర్చుగల్ ఎలిజబెత్ పండుగ ఇప్పుడు జూలై 4. పోర్చుగల్ రాజైన కొడుక్కీ, మనవడైన కాస్టిల్ (నేటి స్పెయిన్‌లోని రాజ్యం) రాజుకీ యుద్ధం ఆపడానికి వెళ్లి 1336లో అదే రోజున పోర్చుగల్‌లోని ఎస్త్రెమోజ్‌లో కన్నుమూసింది. ఆ తేదీ పేతురు, పౌలుల పండుగ అష్టాహంలో (పండుగ జరుపుకునే ఎనిమిది రోజుల్లో) పడుతుందని తర్వాత 8కి జరిపారు, 1969లో మళ్లీ 4కి తెచ్చారు. పాత పూజా పుస్తకాల్లో 8 ఉండటం అందుకే.

సమాధి కోసం కొండ మీది కొత్త క్లారా మఠానికి వెళ్లండి. మొందేగు నది వరదలు తట్టుకోలేక మఠకన్యలు 1677లో పాత మఠం వదిలేశారు. ప్రధాన బలిపీఠం దగ్గర కనిపించేది వెండి, స్ఫటికాల పేటిక. ‘పేరో’ అనే శిల్పి చెక్కిన అసలు రాతి సమాధి కింది గాయకమండపంలో (మఠకన్యలు ప్రార్థనలు పాడే చోట) ఉంటుంది, చాలామంది అది చూడకుండానే వచ్చేస్తారు. ఊరేగింపు కూడా చూడాలనుకుంటే సరిసంఖ్య సంవత్సరం జూలైలో వెళ్లండి: గురువారం రాత్రి విగ్రహం ఊళ్లోకి దిగుతుంది, ఆదివారం తిరిగి కొండెక్కుతుంది.