అప్‌డేట్: ఏడాదిన్నర పాపకు చదవడం నేర్పవచ్చా?

ఫ్లాష్ కార్డులతో పాపకు ఇప్పటినుంచే చదవడం నేర్పాలా అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. కార్డులు పక్కన పెట్టేశాం.

మీలో ఒకరు చెప్పిన 2014 నాటి అమెరికా అధ్యయనం గురించి చదివాను. 9 నుంచి 18 నెలల పిల్లలకు చదువు నేర్పే డీవీడీలు ఏడు నెలలు చూపించినా వాళ్లకు చదవడం రాలేదు. తల్లిదండ్రులు మాత్రం నేర్చుకుంటున్నారనే నమ్మారు! అదే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది.

ఇప్పుడు రోజూ బొమ్మల పుస్తకం చదివి వినిపిస్తున్నాను. ఆవు బొమ్మ కనిపిస్తే చాలు, వేలు పెట్టి ‘అంబా’ అంటుంది. పేజీలు తనే తిప్పాలి, వెనక్కైనా సరే. అత్తయ్య చప్పట్ల పాటలు నేర్పుతున్నారు. అక్షరాభ్యాసం బాసరలో చేయించాలని మామయ్య కోరిక. దానికింకా సమయం ఉంది.

చింపినా చిరగని గట్టి అట్టల తెలుగు పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయో తెలిస్తే చెప్పండి.