కర్నెల్‌లో కొత్త కాపీ ఆపరేషన్ చేర్చితే 95 ఎర్రర్ వస్తోంది

తిరుపతి విద్యార్థి: నిన్న సాయంత్రం కూర్చున్నవాణ్ణి, మైకులో సుప్రభాతం వినిపించే వేళైనా లేవలేదు. డిస్కులోని బ్లాకులను మెమరీలోకి తేకుండా డిస్కే స్వయంగా కాపీ చేసుకునేలా లైనక్స్ కర్నెల్‌లో (ఆపరేటింగ్ సిస్టం మూలభాగంలో) కొత్త ఆపరేషన్ చేర్చాను. రెక్ ఓపీల (కర్నెల్ డిస్కుతో చేయించే పనుల) జాబితాలో 20 అనే సంఖ్య ఇచ్చాను, కంపైల్ కూడా అయింది. అయినా పంపిన ప్రతిసారీ 95, అంటే మద్దతు లేదన్న జవాబే వస్తోంది. దయచేసి దారి చూపండి.

చిత్తూరు వాసి: కర్నెల్ వెర్షన్ ఏది? డిస్కు ఏది?

రేణిగుంట పాతకాపు: అంతకన్నా ముందు, ఇది ఏ యంత్రం మీద చేస్తున్నారో చెప్పండి. డిస్కులో డేటా రాసే దారిలో ఒక్క తప్పు దొర్లినా ఫైల్‌సిస్టం పోతుంది, తిరిగి రాదు. క్యూఎమూలో (కంప్యూటర్‌లోనే ఉత్తుత్తి కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌లో) ఉత్తుత్తి ఎన్‌వీఎంఈ (వేగవంతమైన ఎస్‌ఎస్‌డీలు వాడే ప్రమాణం) డిస్కు పెట్టుకుని, అందులో పరీక్షించాకే అసలు డిస్కును ముట్టుకోవాలని నా దగ్గర నేర్చుకునే పిల్లలందరికీ చెబుతుంటాను.

పలమనేరు పాఠకుడు: దీన్ని ఆపరేషన్ అనకూడదు, కమాండ్ అనాలి. ఎన్‌వీఎంఈ ప్రమాణంలో కాపీ కమాండ్‌కు 0ఎక్స్19 అనే కోడ్ ఉంది.

చిత్తూరు వాసి: రెండూ వేరు. డిస్కుకు వెళ్లేది కమాండ్, కర్నెల్‌లో డిస్కు పనులు నడిపే బ్లాక్ లేయర్ చూసేది ఆపరేషన్. ఒకదాన్ని మరొకదానిగా మార్చేది డ్రైవర్.

తిరుపతి విద్యార్థి: క్షమించండి, వెర్షన్ 6.12. ఎన్‌వీఎంఈ డిస్కు మీద ఎల్‌వీఎం (డిస్కు స్థలాన్ని భాగాలుగా పంచే మధ్య పొర) ఉంది. యంత్రం నా సొంత ల్యాప్‌టాపే.

చిత్తూరు వాసి: ఎల్‌వీఎం సంగతి మొదటే చెప్పవలసింది. సబ్మిట్ బయో నోఅకౌంట్ అనే కర్నెల్ ఫంక్షన్‌లోని స్విచ్‌లో (ఆపరేషన్‌ను బట్టి దారి ఎంచే కోడ్‌లో) మీ ఆపరేషన్‌కు కేస్ (దాని శాఖ) లేకపోతే, కొత్త కర్నెల్‌లు అక్కడే 95 ఇచ్చి వెనక్కి పంపుతాయి. కేస్ పెట్టాక ఎన్‌వీఎంఈ డ్రైవర్‌లోని స్విచ్‌లోనూ పెట్టండి. ఎల్‌వీఎంను ఇప్పటికి పక్కన పెట్టి, నేరుగా డిస్కుతో చూడండి. ఇక 20 సరి సంఖ్య. చివరి బిట్ 1 అయితేనే కర్నెల్ దాన్ని డిస్కు వైపు వెళ్లే డేటాగా లెక్కిస్తుంది. ఏ బ్లాకులను కాపీ చేయాలో చెప్పే జాబితాను మీరు డిస్కుకే పంపుతున్నారు గనుక 21 లాంటి ఖాళీగా ఉన్న బేసి సంఖ్య ఇవ్వాలి.

రేణిగుంట పాతకాపు: సొంత ల్యాప్‌టాప్ అన్నారు గనుక మళ్లీ అడుగుతున్నాను, బ్యాకప్ తీసుకున్నారా?

తిరుపతి విద్యార్థి: బ్యాకప్ తీసి, క్యూఎమూలోకి మారాను. మొదటి స్విచ్‌లో కేస్ పెట్టి, సంఖ్యను 21 చేశాక 95 పోయి 5, అంటే ఇన్‌పుట్/అవుట్‌పుట్ లోపమన్న జవాబు వస్తోంది. డ్రైవర్‌లోని కేస్ ఇంకా రాయలేదు, సాయంత్రం రాస్తాను. ధన్యవాదాలు.