రెండు నెలల కోసం ముధోల్ హౌండ్ కుక్కపిల్లల్ని ఇంట్లో పెట్టుకోవచ్చా? ఇంట్లో పిల్లి కూడా ఉంది

ఉప్పల్_ఉష:

అందరికీ నమస్తే. మాది ఉప్పల్ వైపు సొంతిల్లు. కింద మేము ఉంటాం, పైపోర్షన్ అద్దెకిచ్చాం, ముందు కాస్త ఖాళీ జాగా, ప్రహరీ, ఊచల గేటు ఉన్నాయి. శంకర్‌పల్లి దగ్గర ఎవరో ఫామ్‌హౌస్ అమ్ముకుని వెళ్తూ తల్లినీ పిల్లల్నీ అక్కడే వదిలేశారట. మా ఆయన స్నేహితుడు వాటిని తెచ్చి తల్లిని తను ఉంచుకున్నాడు, పిల్లల్లో మిగిలిన రెండింటికి పెంచుకునేవాళ్ళు దొరికేదాకా మమ్మల్ని చూడమంటున్నాడు. తల్లి ముధోల్ హౌండ్, అంటే సన్నటి వేటకుక్క జాతి. తండ్రి ఎవరో తెలీదు కానీ పిల్లలు కూడా సన్నటి నడుము, పొడుగు మూతితో అచ్చం తల్లిలాగే ఉన్నాయి. డాక్టర్ పళ్ళు చూసి రెండు నెలల వయసు ఉంటుందన్నారు, మొదటి టీకా కూడా వేశారు.

నాకు చిన్నప్పటి నుంచీ ఇంట్లో కుక్కలు అలవాటే కానీ అవన్నీ ఊరకుక్కలు, ఏది పెడితే అది తిని బతికేవి. ఇవి చూస్తే పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి, పొట్ట మాత్రం ఉబ్బింది, మా అత్తయ్య "పాపం, పాలు పోయండే" అని ఒకటే గొడవ. ఎంత పెట్టాలి, ఏం పెట్టాలి? అయిదేళ్ళ బాబు ఉన్నాడు, ఆరేళ్ళ పిల్లి ఉంది, ఇవి వేటజాతి కదా, పిల్లిని బతకనిస్తాయా? ఇంకో టెన్షన్ ఏంటంటే రెండు నెలలు పెంచాక బాబు వాటిని ఇవ్వనిస్తాడా అని. ఇలా కొన్నాళ్ళకే పెంచి ఇచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, ఆదివారం లోపు అవునో కాదో చెప్పాలి.

రిటైర్డ్_పశువైద్యం:

అమ్మా, ముందు పొట్ట సంగతి. ఈ జాతిలో పెద్దకుక్కకి చివరి పక్కటెముకలు కనబడటం మామూలే, దాన్ని చూసి మేపనక్కర్లేదు. కానీ రెండు నెలల పిల్లకి వెన్నెముక తేలి పొట్ట ఉబ్బి ఉందంటే నూటికి తొంభైపాళ్ళు ఏలికపాములు. తూకం చూసి డాక్టర్ చేతే నట్టల మందు వేయించండి. మూడు నెలలు నిండేదాకా పదిహేను రోజులకోసారి, ఆ తర్వాత ఆరు నెలల వరకు నెలకోసారి. ఈ పురుగులు మనుషులకీ వస్తాయి, ముఖ్యంగా మట్టిలో ఆడుకునే పిల్లలకి. కాబట్టి వాటి మలం వెంటనే ఎత్తెయ్యాలి, బాబు చేతులు సబ్బుతో కడుక్కోకుండా అన్నం ముట్టుకోకూడదు.

పాలు వద్దు. ఆవుపాలు, గేదెపాలు కుక్కపిల్లలకి సరిగ్గా అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి, ఆపైన అది పాల వల్లో, పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బు వల్లో తెలీక మీరు హడలిపోతారు. పిల్లలకి కాస్త పెరుగన్నం పెట్టమని అత్తయ్యగారికి చెప్పండి, ఆవిడ మనసూ కుదుటపడుతుంది. రోజుకి నాలుగుసార్లు కొంచెం కొంచెంగా, కుక్కపిల్లల కోసం చేసిన దాణా, లేదా మెత్తటి అన్నంలో ఉడికిన చికెన్, గుడ్డు. మూడు నెలలు దాటాక మూడుసార్లు చాలు. ఉడికిన ఎముకలు వద్దే వద్దు. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ దగ్గరికి రానివ్వకండి. గుళ్ళో పులిహోర, పరమాన్నం అని పిల్లలు పెట్టేస్తారు, పరమాన్నంలో కిస్‌మిస్ ఉంటుందని ఎవరికీ గుర్తుండదు. మెడికల్ షాపువాడు ఇచ్చే కాల్షియం సీసాలు కూడా అడగకుండా పోయకండి, పొడుగుకాళ్ళ జాతుల్లో కాల్షియం ఎక్కువైనా ఎముకలు దెబ్బతింటాయి.

అసలు భయపడాల్సింది పార్వోకి. ఒక్క టీకాతో పని అయిపోయినట్టు కాదు, మూడు నాలుగు వారాలకోసారి చొప్పున పదహారు వారాల వయసు వచ్చేదాకా వెయ్యాలి, మూడో నెలలో రేబిస్ టీకా. అప్పటిదాకా వీధిలో నేలమీద దింపొద్దు. మీ జాగాలో గత ఏడాదిలో ఏ కుక్కయినా పార్వోతో పోయి ఉంటే ఈ పిల్లల్ని తేకండి, ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. ఫినాయిల్‌తో కడిగితే చావదు. ఒక పాలు ద్రవ బ్లీచ్‌కి ముప్ఫై పాళ్ళు నీళ్ళు కలిపి, ముందు శుభ్రంగా కడిగిన గచ్చు మీద పోసి పది నిమిషాలు ఉంచాలి. పిల్ల తిండి మానేసి, వాంతి చేసుకుని, ముడుచుకు పడుకుందంటే రేపు చూద్దాం అనుకోవద్దు, ఆ పూటే తీసుకెళ్ళండి. నారాయణగూడలో ప్రభుత్వ పశువుల ఆసుపత్రి ఉంది, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది.

బాబుకి పన్నో గోరో గీసుకుని రక్తం వస్తే, ఎంత చిన్నదైనా సరే, కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ఆ రోజే ఆసుపత్రికి. రేబిస్ టీకా పడని పిల్లలివి, తల్లి చరిత్ర తెలీదు. ఇందులో మొహమాటం వద్దు.

నల్లమల_నాని:

ఉషక్కా, మా ఇంట్లో కారవాన్ హౌండ్లు ఉంటాయి, మీరనే ముధోల్ దాదాపు అదే రకం. పేరు కర్ణాటక బాగల్‌కోట్ జిల్లా ముధోల్‌ది, మన నిర్మల్ జిల్లా ముథోల్ అనుకుని అక్కడికి ఫోన్లు చేసినవాళ్ళు నాకు తెలుసు 😀. ఆ ముధోల్ దగ్గరే తిమ్మాపూర్‌లో బీదర్ వెటర్నరీ యూనివర్సిటీ వాళ్ళ కేంద్రం ఉంది, ఈ జాతి గురించి ఏదైనా గట్టిగా తెలుసుకోవాలంటే వాళ్ళని అడగొచ్చు.

పిల్లి గురించి నా మాట. ఇవి వాసన పట్టి వెళ్ళే రకం కాదు, కంటితో చూసి పరిగెత్తే రకం. కదిలేదేదైనా చూస్తే మెదడు పక్కన పెట్టేస్తాయి. ఈ వయసులో మీ పిల్లితో కలిసి పెరిగితే దాన్ని ఇంటిదిగా ఒప్పుకుంటాయి, కానీ గోడమీద పోయే వీధిపిల్లికి ఆ మర్యాద ఉండదు, పక్కింటి కోళ్ళకి అసలే ఉండదు. మొదటి రెండు వారాలు పిల్లల్ని వేరే గదిలో ఉంచండి. ఆ తర్వాత పిల్లికి ఎక్కి కూర్చోడానికి ఎత్తుగా ఒక బీరువానో అరో చూపించి, మీరు ఎదురుగా ఉన్నప్పుడే కలవనివ్వండి. పిల్లి మూతిమీద ఒకటి తగిలిస్తే మంచిదే, అది నేర్పే పాఠం మీరు నేర్పలేరు. ఇంకోటి, పిడుదుల మందు డబ్బామీద పర్మెత్రిన్ అని ఉంటే అది పిల్లికి విషం. గేదెలకి కొట్టే మందు నీళ్ళలో కలిపి రాసేస్తారు చాలామంది, పిల్లి ఉన్న ఇంట్లో ఆ పని చేయొద్దు.

గేటు ఊచల మధ్య ఖాళీకి ఇప్పుడే జాలీ కట్టించండి, మొండెం ఎంత సన్నం అంటే తల దూరితే మిగతాదంతా వచ్చేస్తుంది. మెడ, తల ఒకే లావు కాబట్టి మామూలు బెల్టు జారిపోతుంది, ఛాతీ చుట్టూ కట్టే హార్నెస్ వాడండి. చలికాలం కదా, వీటికి ఒంటిమీద కొవ్వుండదు, వెంట్రుక పొట్టి. గచ్చుమీద పడుకోబెట్టకుండా గోనెసంచి మీద పాత దుప్పటి వెయ్యండి.

ఇవన్నీ ఎవరైనా చెప్తారు, నేను గట్టిగా చెప్పాలనుకున్నది వేరే. మూడు నుంచి పధ్నాలుగు వారాల మధ్య ఏది చూస్తే అది మామూలు అనుకుంటాయి, చూడనిది జీవితాంతం భయమే, ఈ జాతిలో ఆ బెదురు మరీ ఎక్కువ. అంటే మీ దగ్గర ఉండేది సరిగ్గా ఆ ముఖ్యమైన రోజుల చివరి భాగం! తిండి ఎవరైనా పెడతారు, ఈ పని మీరు చేయకపోతే తర్వాత వచ్చే యజమాని చేయలేడు. చంకనెత్తుకుని ఆటోలో తిప్పండి, బస్టాండు శబ్దం వినిపించండి, హెల్మెట్ పెట్టుకున్నవాళ్ళు, గొడుగు పట్టుకున్నవాళ్ళు, కర్రతో నడిచే తాతలు, మిక్సీ, ప్రెషర్ కుక్కర్ అన్నీ చూపించండి. రోజూ చెవులు, పళ్ళు, పాదాలు ముట్టుకోండి. రెండింటినీ ఎప్పుడూ కలిపే ఉంచకుండా రోజులో కాసేపు విడివిడిగా ఉంచండి, లేకపోతే రేపు వేరే ఇళ్ళకి పోయినప్పుడు ఒకదానికోసం ఒకటి బెంగపడి చస్తాయి.

నో_సెంటిమెంట్స్:

అందరూ పెంపకం చెప్తున్నారు, నేను లెక్కలు అడుగుతా. "రెండు నెలలు" అని ఎవరన్నారు, రాసిచ్చారా? టీకాలు, ఆసుపత్రి ఖర్చు ఎవరిది? అర్ధరాత్రి ఏమైనా అయితే ఎవరికి ఫోన్ చెయ్యాలి? నాలుగు నెలలు దాటాయంటే పిల్లలు ముద్దుగా ఉండవు, పొడుగు కాళ్ళేసుకుని చెప్పులు నమిలే దశలో ఉంటాయి, అడిగేవాళ్ళు తగ్గిపోతారు. 2020 ఆగస్టులో ప్రధాని మన్ కీ బాత్‌లో ముధోల్, రాజపాళయం, చిప్పిపారై పేర్లు చెప్పాక ప్రతివాడికీ దేశీ హౌండ్ కావాలి, అపార్ట్‌మెంటులో తెచ్చిపెట్టుకుని ఏడాదికి ఎవరికో అంటగడతాడు. ఇప్పుడు ఆ ఎవరో మీరు అవుతారేమో చూసుకోండి.

నల్లమల_నాని:

పై బ్రో మాట కటువుగా ఉంది కానీ నిజం. దానికి ఇంకోటి కలుపుతా, తీసుకునేవాళ్ళని మీరే చూడండి, ఆ స్నేహితుడికి వదిలెయ్యకండి. మా వైపు కుందేళ్ళ వేటకి ఇలాంటి సన్నకుక్కల కోసం తిరిగేవాళ్ళు ఉన్నారు. 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరం, పట్టుబడితే మనిషి కోర్టు చుట్టూ తిరుగుతాడు, కుక్క దిక్కులేనిదవుతుంది. "పొలం కాపలాకి" అని రెండూ ఒకేసారి అడిగినా, "ఎంత స్పీడుగా పరిగెత్తుతాయి" అన్నదే మొదటి ప్రశ్న అయినా నేనైతే ఇవ్వను. ఇల్లు చూడాలి, ప్రహరీ ఎత్తు చూడాలి, పెద్దయ్యాక అయిదడుగుల గోడ వీటికి లెక్కే కాదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలని కాగితం మీద రాయించుకోండి. ఆ ఆపరేషన్‌కి ముందు డాక్టర్‌కి ఇది హౌండ్ అని చెప్పమనండి, కొన్ని మత్తుమందులు ఈ సన్నజాతుల ఒంట్లోంచి ఆలస్యంగా దిగుతాయి.

ఉప్పల్_ఉష:

అందరికీ థాంక్స్. మా ఆయన చేత ఆ స్నేహితుడితో మాట్లాడించా. ఆసుపత్రి ఖర్చు అతనిది, తిండి మాది, సంక్రాంతి దాటితే అతనే తీసుకెళ్ళి వేరేచోట పెడతాడు, తీసుకునేవాళ్ళు ముందు మా ఇంటికి రావాలి. ఇదంతా వాట్సాప్‌లో రాయించి పెట్టుకున్నా. నట్టల మందు అతనే వేయించి తెస్తానన్నాడు, గేటుకి జాలీ రేపు కట్టిస్తున్నాం. బాబుకి మాత్రం మొదటి రోజే చెప్పేశా, ఇవి మన దగ్గరికి బడికి వచ్చిన పిల్లలు, బడి అయ్యాక వాళ్ళింటికి వెళ్తారని. వాడు "మరి సెలవులకి వస్తాయా" అని అడుగుతున్నాడు, దానికి నా దగ్గర జవాబు లేదు.

ఒక్క డౌట్ మిగిలింది. రాత్రి గదిలో పెట్టి తలుపేస్తే ఏడుస్తాయి కదా, పైన అద్దెకున్నవాళ్ళకి ఇంటర్ చదివే అమ్మాయి ఉంది. ఏం చెయ్యాలి?

రిటైర్డ్_పశువైద్యం:

మొదటి నాలుగైదు రాత్రులు మీలో ఒకరు ఆ గదిలోనే పడుకోండి, ఆ తర్వాత మంచం గుమ్మం వైపు జరుపుకుంటూ బయటికి వచ్చెయ్యండి. తల్లి దగ్గర పరిచిన గుడ్డ ఏదైనా ఉంటే ఆ స్నేహితుణ్ణి ఉతక్కుండా తెమ్మనండి. పడుకునే ముందు ఒకసారి, తెల్లవారుజామున మూడింటికి ఒకసారి ఒంటికి తీసుకెళ్ళాలి, అలారం పెట్టుకోండి. పైనున్న అమ్మాయిని ఒక సాయంత్రం కిందికి పిలిచి చూపించండి. పిల్లలకి కొత్త మనిషి అలవాటవుతుంది, మీకు ఫిర్యాదు తగ్గుతుంది.