1000కి 612 మార్కులు వచ్చిన అబ్బాయిని ఎక్కడ చేర్పించాలి?

ప్రశ్న: ఒక తండ్రి, జగిత్యాల జిల్లా

అందరికీ నమస్కారం. మా అబ్బాయి ఈ ఏడాది ఇంటర్మీడియట్ ఎంపీసీ పూర్తి చేశాడు. మొదటి సంవత్సరంలో 470కి 281, రెండో సంవత్సరంలో 530కి 331, మొత్తం 1000కి 612 మార్కులు వచ్చాయి. చదవక తెచ్చుకున్న మార్కులు కావివి. రెండేళ్లూ హాస్టల్‌లో ఉండి, తెల్లవారక ముందే స్టడీ అవర్‌లో కూర్చుని చదివితే వచ్చినవే. మా అన్నయ్య కొడుకు వరంగల్ ఎన్ఐటీలో చదువుతున్నాడు కాబట్టి ఇంటికి వచ్చిన ప్రతివారూ ఆ అబ్బాయి మాటే ఎత్తుతున్నారు, మా వాడు తల వంచుకుంటున్నాడు.

ఫలితాలు వచ్చిన మధ్యాహ్నం నుంచి కన్సల్టెన్సీల వాళ్లు నాకు ఫోన్లు చేస్తూనే ఉన్నారు. హైదరాబాద్ శివార్లలోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో బీ కేటగిరీ (యాజమాన్య కోటా) కింద కంప్యూటర్ సైన్స్ సీటు ఇప్పిస్తామని, ఈ వారంలోనే లక్ష రూపాయలు కట్టి సీటు బ్లాక్ చేసుకోవాలని ఒకాయన రోజూ అడుగుతున్నాడు. ఇరవై గుంటలు అమ్మితే నాలుగేళ్ల ఫీజుకు సరిపోతుందని నేను లెక్క వేసుకున్నాను. నా భార్యకు కూడా ఇంజనీరింగే ఇష్టం. వాడిని అడిగితే "మీ ఇష్టం నాన్నా" అనడం తప్ప మరో మాట లేదు. ఫోన్ మోగగానే కంచం ముందు నుంచి లేచి పశువుల కొట్టంలోకి వెళ్లిపోతున్నాడు. వచ్చే వారం ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్ ఉంది. భూమి అమ్మి సీటు కొనడం మంచిదేనా, డిగ్రీలో చేర్పిస్తే వాడి భవిష్యత్తు పాడవుతుందా, అసలు వాడితో ఎలా మాట్లాడాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరని అడుగుతున్నాను.

సమాధానం 1: డిగ్రీ కళాశాల అధ్యాపకుడు

నమస్కారం అండీ. నేను పంతొమ్మిదేళ్లుగా ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో స్టాటిస్టిక్స్ బోధిస్తున్నాను. నా తరగతుల్లో ఇంటర్‌లో 550 నుంచి 700 దాకా వచ్చినవారే ఎప్పుడూ ఎక్కువగా ఉంటారు కాబట్టి, మీ అబ్బాయి లాంటి పిల్లలతోనే నా ఉద్యోగ జీవితమంతా గడిచిందని చెప్పవచ్చు.

ముందుగా ఒక్క విషయం మీ అబ్బాయికి ఈ రోజే చెప్పండి. తెలంగాణ ఎప్‌సెట్ ర్యాంకులో ఇప్పుడు ఇంటర్ మార్కులకు వెయిటేజీ లేదు, కాబట్టి ఆ 612 వాడి ర్యాంకును ఏమాత్రం దెబ్బతీయదు. గణితంలో 80, భౌతిక, రసాయన శాస్త్రాల్లో నలభై చొప్పున మొత్తం 160 ప్రశ్నలు ఉంటాయి. తప్పు సమాధానానికి మార్కులు తీసివేయరు. అందుకని ఒక్క ప్రశ్న కూడా వదలకుండా గుర్తించమనండి. పోయిన పరీక్ష బరువును ఈ పరీక్షకు మోసుకు వెళ్లకుండా చూడటమే ఈ వారం మీరు చేయగల పెద్ద సహాయం.

ఇక సీటు కొనే సంగతి. ఇంజనీరింగ్ కళాశాలల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటాలో కౌన్సెలింగ్ ద్వారా భర్తీ అవుతాయి, మిగిలిన 30 శాతమే యాజమాన్యం చేతిలో ఉంటాయి. ర్యాంకు పదివేలు దాటినా, ఆదాయ పరిమితికి లోబడి అర్హత ఉంటే కన్వీనర్ సీటుకు బీసీ, ఈబీసీ విద్యార్థులకు ఏడాదికి 35,000 రూపాయల వరకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది. బీ కేటగిరీ సీటుకు అది రాదు, స్పాట్ అడ్మిషన్‌లో చేరినా రాదు. ఎప్‌సెట్ రాయకముందే మీ చేత లక్ష రూపాయలు కట్టించుకోవాలని ఆయన తొందరపడటానికి కారణం ఒక్కటే: ర్యాంకు వచ్చి, కిందటి ఏడాది ఏ కళాశాలలో ఏ బ్రాంచికి ఏ ర్యాంకు వరకు సీటు వచ్చిందో అధికారిక వెబ్‌సైట్‌లో మీరు చూసుకున్నాక, మీకు ఆయన అవసరం ఉండకపోవచ్చు.

డిగ్రీ అంటే భవిష్యత్తు పాడవడం అనే మాట నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. గణితం, స్టాటిస్టిక్స్, కంప్యూటర్ సైన్స్ కలిసిన బీఎస్సీ గాని, కంప్యూటర్ అప్లికేషన్స్‌తో బీకాం గాని చదివి, ఆ తరువాత ఐసెట్ రాసి ఎంసీఏ, ఎంబీఏలలోకి, సీపీగెట్ రాసి ఎంఎస్సీ, ఎంకాంలలోకి వెళ్లిన పిల్లలను నేను ఎందరినో చూశాను. ఎంసీఏ ఇప్పుడు రెండేళ్లే. మీకు దగ్గరలో కరీంనగర్‌లో శ్రీ రాజరాజేశ్వర ప్రభుత్వ ఆర్ట్స్ అండ్ సైన్స్ కళాశాల ఉంది; హైదరాబాద్‌కు పంపగలిగితే 1887లో మొదలైన నిజాం కళాశాల, ప్రభుత్వ సిటీ కళాశాల ఉన్నాయి. వీటన్నిటిలోనూ ప్రవేశాలు డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల విధానమైన దోస్త్ ద్వారా, ఇంటర్ మార్కుల ఆధారంగానే జరుగుతాయి. దోస్త్‌లో విద్యార్థి ఆధార్‌కు అనుసంధానమైన ఫోన్ నంబరు ఉండాలి. ఆ నంబరు ఎప్పుడో పోయిన సిమ్ కార్డుది కావడం వల్ల ప్రతి ఏటా కొందరు చివరి రోజున పరుగులు పెడుతుంటారు. కొన్ని ప్రైవేటు కళాశాలల ప్రతినిధులు ఇంటికి వచ్చి, తామే నమోదు చేస్తామని చెప్పి ఓటీపీ తీసుకుని, తమ కళాశాల ఒక్కటే ఆప్షన్‌గా పెట్టి వెళ్లిపోతారు. ఓటీపీ గాని, ఒరిజినల్ మెమోలు గాని ఎవరి చేతికీ ఇవ్వకండి.

ఇంజనీరింగ్ అయినా డిగ్రీ అయినా, కళాశాలను చూడకుండా మాత్రం చేర్పించవద్దు. ఇప్పుడు సెమిస్టర్ పరీక్షలు నడుస్తున్న రోజులు కాబట్టి, పరీక్ష రాసి బయటకు వచ్చే రెండో సంవత్సరం విద్యార్థులు గేటు దగ్గరే దొరుకుతారు. మీరు పక్కన టీ కొట్టు దగ్గర నిలబడి, మీ అబ్బాయినే వాళ్లతో మాట్లాడనివ్వండి. గణితం ఎవరు చెబుతున్నారు, ఆ అధ్యాపకుడు ఏడాది మధ్యలో మారిపోయాడా, ల్యాబ్‌లో ఒక కంప్యూటర్ దగ్గర ఎంతమంది కూర్చుంటున్నారు, ఎందరికి సబ్జెక్టులు మిగిలాయి అన్న నాలుగు ప్రశ్నలకు వచ్చే జవాబులు ఏ కరపత్రంలోనూ ఉండవు. ఇంకొక మాట: కళాశాలల నాణ్యతను పరిశీలించే సంస్థలు రెండు ఉన్నాయి; న్యాక్ గ్రేడు కళాశాల మొత్తానికి ఇచ్చేది, ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కొక్క బ్రాంచికి విడివిడిగా ఇచ్చేది. గేటు మీద ఎన్‌బీఏ అని రాసి ఉన్నంత మాత్రాన మీ వాడు చేరబోయే బ్రాంచికి ఆ గుర్తింపు ఉన్నట్టు కాదు.

ఒక ప్రశ్న అడుగుతాను, వీలైతే జవాబు రాయండి. మీ అబ్బాయి ఎవరూ చెప్పకుండా, తనంతట తాను చేసే పని ఏమిటి?

సమాధానం 2: ఒక అమ్మ, గుంటూరు జిల్లా

అన్నయ్య గారూ, మీ ప్రశ్న చదువుతుంటే మూడేళ్ల కిందటి మా ఇల్లే కనిపించింది. ఆంధ్రప్రదేశ్‌లో ఎప్‌సెట్ ర్యాంకుకు ఇంటర్ మార్కుల నుంచి 25 శాతం కలుపుతారు కాబట్టి, మా పెద్దమ్మాయికి మార్కులూ ర్యాంకూ రెండూ మధ్యస్థంగానే వచ్చాయి. నేను చేసిన పొరపాటు చెబుతాను, మీరు చేయకండి.

కౌన్సెలింగ్‌లో కళాశాలలను ఎంచుకునే వెబ్ ఆప్షన్ల చివరి రాత్రి ఆ పిల్లను ఇంట్లో పడుకోబెట్టి, నేను, మా తమ్ముడు ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లి డెబ్భైకి పైగా ఆప్షన్లు పెట్టాము. ఎన్ని ఎక్కువ పెడితే అంత భద్రత అనుకున్నాము. కంప్యూటర్ ఆ జాబితాను పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చి, ర్యాంకుకు మొదట అందిన సీటును ఇచ్చేస్తుందని, అంటే చేరడానికి ఇష్టం లేని కళాశాలను జాబితాలో పెట్టడమంటే దానికి ఒప్పుకోవడమేనని మాకు అప్పుడు తెలియదు. మా అమ్మాయికి రెండు బస్సులు మారి వెళ్లాల్సిన కళాశాలలో, ఎన్నడూ కోరుకోని బ్రాంచి వచ్చింది. పొద్దున్న ఆరుంపావుకు బయలుదేరి రాత్రి ఏడున్నరకు ఇంటికి చేరేది. మొదటి ఏడాది మూడు సబ్జెక్టులు పోయాయి. ఒకసారి టిఫిన్ డబ్బా తెరవకుండానే తిరిగి తెచ్చింది. ఎందుకమ్మా అంటే, పక్కన కూర్చుని తినడానికి ఎవరూ లేరని చెప్పింది. చదువు కంటే ముందు ఆ మాట నన్ను కలచివేసింది.

రెండో అమ్మాయి విషయంలో ఒక పెద్ద కాగితం మీద ఆప్షన్లన్నీ దాని చేతనే రాయించాను. పక్కన బస్సు ప్రయాణానికి ఎంతసేపు పడుతుంది, ఫీజు ఎంత, కిందటి ఏడాది చివరి ర్యాంకు ఎంత అని మూడు గడులు గీసింది. దూరమని మేము కొట్టివేసిన ఒక కళాశాలను హాస్టల్ బాగుందని అదే మళ్లీ పైకి తెచ్చింది. చివరికి పంతొమ్మిది ఆప్షన్లు మిగిలాయి. వచ్చింది గొప్ప కళాశాల ఏమీ కాదు, కానీ తను రాసుకున్న జాబితాలోది కాబట్టి మొదటి రోజు నుంచీ అది తన కళాశాల అయింది.

చుట్టాల విషయంలో మొహమాటపడకండి అన్నయ్య గారూ. పిల్లవాడి ఎదుట మార్కుల ప్రస్తావన వచ్చినప్పుడు తండ్రే "ఆ మాట ఇప్పుడు వద్దు" అని ఒక్కసారి గట్టిగా అంటే, వాడికి అది ఏడాదిపాటు గుర్తుంటుంది.

సమాధానం 3: సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

అంకుల్, నాకు ఇంటర్‌లో 587 వచ్చాయి. మా నాన్న అప్పు చేసి బీ కేటగిరీలో కంప్యూటర్ సైన్స్ సీటు తీసుకున్నారు. ఇంటర్ గణితంలో కలనం (కాల్‌క్యులస్) సరిగా అర్థం కాకుండానే మార్కుల కోసం బట్టీపట్టిన నాకు, ఇంజనీరింగ్ మొదటి ఏడాది గణితం రెండు పేపర్లూ బ్యాక్‌లాగ్ పడ్డాయి. క్రెడిట్లు చాలక పై తరగతికి వెళ్లలేక ఒక ఏడాది డిటెయిన్ అయ్యాను. అప్పు చేసిన డబ్బుతో చదువుతున్నానన్న ఆలోచన వల్ల ఆ సంగతి ఇంట్లో ఏడు నెలలు చెప్పలేదు. హాస్టల్ గదిలో ఒంటరిగా కూర్చున్న ఆ రోజులను ఇప్పటికీ మరిచిపోలేదు. భూమి అమ్మి చేర్పిస్తే మీ అబ్బాయి కూడా ఫెయిలయినప్పుడు మీకు చెప్పలేడు. నేను బీ కేటగిరీ వద్దని చెప్పడానికి డబ్బు కంటే ఇదే పెద్ద కారణం.

నేను చివరికి ఇంజనీరింగ్ పూర్తి చేశాను, ఉద్యోగం చేస్తున్నాను. నా పక్క సీటులో పనిచేసే ఆయన బీఎస్సీ చదివి, తరువాత ఎంసీఏ చేశారు. మా ఇద్దరి పనిలో తేడా లేదు. మీ అబ్బాయి కంచం ముందు నుంచి లేచిపోతున్నాడని రాశారు. నిద్ర, తిండి బాగా తగ్గినట్టు కనిపిస్తే టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు. అది ప్రభుత్వ సేవ, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. వాడి కోసమే కాదు, ముందు మీరే ఫోన్ చేసి ఎలా మాట్లాడాలో అడిగినా సలహా ఇస్తారు.

ప్రశ్న అడిగిన తండ్రి

అందరికీ కృతజ్ఞతలు. వారం రోజులుగా మీ సమాధానాలను మళ్లీ మళ్లీ చదివాను. చెల్లెమ్మ గారు చెప్పినట్టే, మొన్న మా బావగారు మార్కుల మాట ఎత్తగానే వద్దన్నాను. ఆ రాత్రి వాడు లేవకుండా పూర్తిగా అన్నం తిన్నాడు. బీ కేటగిరీ సీటు వద్దని ఆ కన్సల్టెన్సీ ఆయనకు చెప్పేశాను. ఎప్‌సెట్ రాశాడు, ఒక్క ప్రశ్న కూడా వదల్లేదని చెప్పాడు.

సార్ అడిగిన ప్రశ్నకు జవాబు వెంటనే తోచలేదు. మా ఇంటి ముందు గదిలో ఊరి పాల సేకరణ కేంద్రం నడుపుతున్నాము. సెలవులకు వచ్చినప్పుడల్లా ఫ్యాట్ చూడటం, రిజిస్టర్ రాయడం వాడే చేస్తాడు. కిందటి దసరాకు పదిహేను రోజుల బిల్లు వచ్చినప్పుడు, ఆరుగురు రైతులకు డబ్బు తక్కువ పడిందని, వాళ్ల ఫ్యాట్ శాతం పక్క వరుసలోకి మారిపోయిందని పట్టుకున్నది వాడే. నేను రెండుసార్లు చూసినా నాకు కనిపించలేదు. ఇది చదువుకు సంబంధించిన సంగతి అని నేనెప్పుడూ అనుకోలేదు. నిన్న సాయంత్రం పాల క్యాన్లు పంపించాక, ఇద్దరమే ఉన్నప్పుడు అదే అడిగాను. లెక్కలంటే ఇష్టమేనని, కలనం, త్రికోణమితి తరగతుల్లో మాత్రం వెనకబడ్డానని, అడిగితే అందరిముందూ నిలబెడతారని అడగలేదని చెప్పాడు. రెండేళ్లలో వాడు నాతో ఇంతసేపు మాట్లాడింది ఇదే మొదటిసారి. కరీంనగర్ కళాశాలకు సోమవారం ఇద్దరం వెళుతున్నాం. దోస్త్ ఆప్షన్లు వాడే రాస్తున్నాడు. బీఎస్సీ స్టాటిస్టిక్స్ ముందు పెట్టాలా, బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్ ముందు పెట్టాలా అని అడుగుతున్నాడు. బీకాంలో చేరితే తరువాత ఎంసీఏ దారి మూసుకుపోతుందేమోనని వాడి భయం.

సమాధానం: డిగ్రీ కళాశాల అధ్యాపకుడు

ఆ భయం అక్కర్లేదని చెప్పండి. ఇంటర్‌లో గణితం చదివి ఉంటే బీకాం తరువాత కూడా ఐసెట్ ద్వారా ఎంసీఏకు అర్హత ఉంటుంది. కలనం కష్టమన్నాడు కాబట్టి ఒక మాట గమనించండి: బీఎస్సీలో స్టాటిస్టిక్స్‌తో పాటు గణితం ప్రధాన సబ్జెక్టుగా ఉంటే మొదటి ఏడాదిలోనే కలనం, అవకలన సమీకరణాలు వస్తాయి. బీకాంలో ఆ బరువు ఉండదు, ఖాతాల లెక్క ఉంటుంది. సోమవారం కళాశాలలో రెండు విభాగాల గదులకూ తీసుకువెళ్లండి. మొదటి సెమిస్టర్ పాఠ్యపుస్తకాలు రెండూ గ్రంథాలయంలో అడిగి, గంటసేపు వాడి ముందు పెట్టండి. ఆదాయ ధ్రువీకరణ పత్రానికి మీసేవలో ఇప్పుడే దరఖాస్తు చేయండి. ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌కు ఈ ఏడాది జనవరి 1 తరువాత జారీ అయినదే చెల్లుతుంది, ఒకవేళ ర్యాంకు బాగా వస్తే ఆ దారి కూడా తెరిచి ఉంటుంది.