చైనా ఇంటి వైద్యం: అల్లం నీళ్ళు, గ్వాషా, దుప్పటి కప్పి చెమట పట్టించడం... ఏది పనిచేస్తుంది, ఏది బెడిసికొడుతుంది?

పుదీనాకట్ట (ప్రశ్న):
చైనాలో ఎంబీబీఎస్ చదివే మన పిల్లలకు జలుబో జ్వరమో వస్తే హాస్టల్లోని 'ఆయీ'లు (అక్కడ పిన్నిని అలా పిలుస్తారు) నాలుగైదు చిట్కాలు చెబుతుంటారు. అల్లం–ఎర్రచక్కెర నీళ్ళు, ఆవిరి మీద ఉడికించిన పియర్ పండు, మెడ మీద చెంచాతో గీకే గ్వాషా, రెండు దుప్పట్లు కప్పి చెమట పట్టించడం, గొంతులో చేపముల్లు ఇరుక్కుంటే వెనిగర్ తాగడం. వీటిని పొగడమనో తిట్టమనో అడగట్లేదండీ. ఎలా చేయాలి, పనిచేస్తే ఎందుకు, ఎక్కడ ప్రమాదం అన్నది తెలిసినవాళ్ళు చెప్పగలరా?

శొంఠికొమ్ము:
ఆ ఎర్రచక్కెర వేరే ఏదో కాదు, మన బెల్లం లాంటిదే. బొటనవేలంత అల్లం (15–20 గ్రాములు) కడిగి తొక్కతోనే కచ్చాపచ్చాగా దంచి, 400 మి.లీ. నీళ్ళలో మూతపెట్టి సన్నసెగన పది నిమిషాలు మరగనివ్వాలి. బెల్లం రెండు చెంచాలు, దించేముందు. కొందరు ఉల్లికాడల తెల్లభాగం కూడా వేస్తారు. అది చివరి మూడు నిమిషాల్లోనే వేయాలి, ముందే వేస్తే ఘాటంతా ఆవిరైపోతుంది.

ఇది వైరస్‌ను చంపదు. వేడికీ ఘాటుకీ ముక్కు వదులవుతుంది, వణుకు తగ్గినట్టుంటుంది. అల్లానికి అసలు బలం వికారం, నెలసరి నొప్పి దగ్గర కనిపిస్తుంది. ఈ రెంటి మీదా పరీక్షలు చాలానే జరిగాయి, ఫలితాలు మొత్తంమీద అనుకూలమే. నెలసరి నొప్పికి వాడి చూసిన మోతాదు రోజుకు ముప్పావు గ్రాము నుంచి రెండు గ్రాముల అల్లంపొడి, మొదటి మూడు రోజులు. బెల్లం రుచికే.

అక్కడి వైద్యం లెక్కలోనే ఇది 'చలిగాలి' జలుబుకు మాత్రం: ముక్కు నీళ్ళలా కారడం, చలి. గొంతు ఎర్రగా వాచి మింగుడు పడకపోతే తెలిసినవాళ్ళు అల్లం ఇవ్వరు, మంట ఎక్కువవుతుంది. ఈ తేడా వదిలేసి అన్ని జలుబులకూ కాచిపోస్తారు, అక్కడే తప్పు జరుగుతుంది.

పియర్ సంగతి: పైభాగం మూతలా కోసి, గింజల భాగం చెంచాతో తొలిచి, ఆ గుంటలో 10–15 గ్రాముల పటికబెల్లం వేసి, మూతను పుల్లతో గుచ్చి, గిన్నెలో నిలబెట్టి 40 నిమిషాలు ఆవిరి పట్టాలి. గిన్నెలో ఊరిన రసం గొంతుకు పూతలా పట్టి పొడిదగ్గు గీర కాసేపు తగ్గిస్తుంది. అంతకుమించి ఆశించకండి. పటికబెల్లం బదులు తేనె వేస్తే ఏడాది నిండని పిల్లలకు అస్సలు పెట్టకూడదు, బొటులిజం (ఒళ్ళు చచ్చుబడేలా చేసే విషబాధ) ప్రమాదం. రెండు వారాలు దాటిన దగ్గయితే పియర్ పక్కన పెట్టి కళ్ళె పరీక్ష చేయించాలి.

ఫిజియో_గుంటూరు:
గ్వాషా గురించి నేను చెబుతాను. గేదెకొమ్ము పలక గానీ అంచు నున్నగా ఉన్న పింగాణీ చెంచా గానీ చాలు. ముందు నూనె రాయాలి, పొడిచర్మం మీద గీకితే దోక్కుపోతుంది. చెంచాను బాగా వాల్చి పట్టుకుని మెడ నుంచి భుజం వైపు, ఒకే దిశలో గీకాలి. ముందుకీ వెనక్కీ కాదు. వెన్నెముక ఎముక మీద, పుట్టుమచ్చల మీద, పుండ్ల మీద వద్దు. ఎర్రగా తేలగానే ఆపేయాలి.

తేలే ఆ ఎర్రమచ్చలు 'విషం బయటికి రావడం' కాదు. చర్మం కింద సన్న రక్తనాళాలు చిట్లి కారిన రక్తం, నాలుగైదు రోజుల్లో పోతుంది. పట్టేసిన మెడకు కొద్దిరోజులు ఉపశమనం ఉంటుంది. జ్వరానికి మాత్రం చేయకండి. డెంగీ అయితే ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటాయి, గీకిన చోట రక్తం కమ్మేస్తుంది, పైగా డెంగీ దద్దుర్లేవో గీకుడు మచ్చలేవో డాక్టరుకు తెలియదు. గ్వాంగ్‌డాంగ్‌లో 2014లో 40 వేలకు పైగా డెంగీ కేసులు వచ్చాయి, కాబట్టి ఇది ఊహించి చెప్పే భయం కాదు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకూ వద్దు.

పిల్లలవార్డు:
దుప్పట్ల చిట్కా దగ్గర కారణాన్నీ ఫలితాన్నీ తిరగేశారు. చెమట పట్టి జ్వరం దిగదు, జ్వరం దిగేటప్పుడు చెమట పడుతుంది. పెద్దవాళ్ళకైతే ఉక్కపోత, దాహం. ఏడాదిలోపు పసిబిడ్డకైతే ప్రాణం మీదకొస్తుంది. కప్పినది తన్నేయలేదు, ఒళ్ళు లోపలే కాగిపోతుంది, నీరు ఆరిపోతుంది, ఫిట్స్ వస్తాయి, మెదడు దెబ్బతింటుంది. చలికాలంలో ఇలా ఎంతమంది పసివాళ్ళు వస్తారంటే, చైనా పిల్లల డాక్టర్లు దీనికి విడిగా ఒక జబ్బు పేరే పెట్టుకున్నారు. జ్వరమొచ్చిన బిడ్డకు ఒక పలచటి చొక్కా, తరచుగా పాలు, బరువును బట్టి పారాసెటమాల్. మూడు నెలల్లోపు బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్ దాటితే ఇంట్లో ఏ ప్రయత్నమూ చేయకుండా ఆసుపత్రికే.

పుదీనాకట్ట:
చాలా థాంక్సండీ. షాపుల్లో దొరికే పొడి ప్యాకెట్లు, వేడినీళ్ళలో కలిపి తాగేవి, అవి ఉత్త మూలికలేనా?

మందుల_కొట్టు:
అన్నీ కావు. బాగా అమ్ముడుపోయే 'గన్‌మావోలింగ్' ప్యాకెట్‌లో మూలికలతో పాటు పారాసెటమాల్ 200 మి.గ్రా., క్లోర్‌ఫెనిరమైన్ (ముక్కు కారడం తగ్గించే మందు) 4 మి.గ్రా., కొంచెం కెఫీన్ ఉంటాయి. జ్వరం తగ్గించేది ముఖ్యంగా ఆ పారాసెటమాలే. మూలికే కదా అని దీని మీద డోలో 650 (అదీ పారాసెటమాలే), ఇంకో జలుబు మాత్ర వేసుకుంటే ఒకే మందు రెండు మూడు దారుల్లో లోపలికి పోతుంది. క్లోర్‌ఫెనిరమైన్‌కు మత్తు, బండి నడపకూడదు. ప్యాకెట్ వెనక చైనా అక్షరాలను ఫోన్ కెమెరాతో తెలుగులోకి మార్చుకుని చదివాకే వేసుకోండి.

గోదారిగట్టు:
ఇంత వివరం దేనికి, మొత్తం మూఢనమ్మకమే అనేస్తే పోదా?

కషాయపు_లెక్క:
అలా అనేస్తే మలేరియా మందు పోగొట్టుకునేవాళ్ళం. నాలుగో శతాబ్దపు చైనా వైద్యుడు గ హోంగ్ రాతలో చింగ్‌హావ్ మొక్కను నీళ్ళలో నానబెట్టి, పిండి రసం తాగమని ఉంది. కాచమని లేదు. అది చదివాకే చైనా శాస్త్రవేత్త తూ యోయో వేడి తగ్గించి, 35 డిగ్రీలకే మరిగే ఈథర్ అనే ద్రావకంతో సారం తీశారు. అదే ఆర్టెమిసినిన్, 2015లో నోబెల్. అలాగని ఇంట్లో ఆ ఆకు టీ కాచుకుంటే మలేరియా తగ్గదు. మందు ఎంత దిగిందో కొలత ఉండదు, చాలీచాలని మోతాదుకు పరాన్నజీవి మొండికేస్తుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ టీ వద్దంటోంది.

రెండోవైపు యున్నాన్‌లో 'ఒంటికి బలం' అని మాంసంతో వండుకునే త్సావ్‌వూ దుంప ఉంది. మన వసనాభి జాతిదే. గంటల తరబడి ఉడికితేనే విషం విరుగుతుంది. మధ్యలో పచ్చి ముక్క ఒకటి వేసినా, పొయ్యి తొందరగా దించినా ముందు పెదవులు, నాలుక తిమ్మిరెక్కుతాయి, తర్వాత గుండె లయ తప్పుతుంది. విరుగుడు మందు లేదు. ఎవరు పెట్టినా తినకండి.

శొంఠికొమ్ము:
చేపముల్లు మిగిలిపోయింది. ముల్లు వెనిగర్‌లో మెత్తబడాలంటే గంటలు నానాలి, గొంతులో వెనిగర్ రెండు సెకన్లు కూడా నిలవదు. మనవాళ్ళు మింగించే అన్నం ముద్ద, అరటిపండు ఇంకా చెడ్డవి. ముల్లును లోపలికి నెట్టి ఆహారనాళంలో దిగేస్తాయి, అక్కడ పక్కనే గుండె నుంచి వచ్చే పెద్ద ధమని ఉంటుంది. తినడం ఆపి, నోరు తెరిచి టార్చి వేయించండి. కొస కనబడితే పట్టకారుతో తీయొచ్చు. కనబడకపోతే ఇంకేమీ మింగకుండా చెవి–ముక్కు–గొంతు డాక్టరు దగ్గరికి వెళ్ళండి. కడుపు ఖాళీగా ఉంటే గొట్టం వేసి తీయడం వాళ్ళకూ తేలిక.